మండలానికో గుర్రం కావాలి

ప్రతి మండలానికీ ఒక గుర్రం ఉండి తీరాలి. ఇది నా డిమాండు!

బస్టాండుకి పైకప్పు లేకపోయినా సర్దుకుంటాం. మంచినీళ్ల ట్యాంకుకి మెట్లు లేకపోయినా ఫర్వాలేదు, నీళ్లే లేనప్పుడు ఎక్కి చూసేదేముంది? కానీ గుర్రం లేని మండలం ఒక మండలమేనా? మన పిల్లలు స్వారీ నేర్చుకోవాలి. పోటీల్లో దిగాలి. అప్పుడుగానీ ఈ మిరప నేల బాగుపడదు.

నవ్వకండి. నేను సరదాకి మాట్లాడే మనిషిని కాను. ఆరెకరాల మిర్చి రైతుని, వారం వారం మీకు కాలమ్ రాసిపెట్టేవాణ్ణి. ఈ రెండు పనుల్లోనూ నవ్వులాటకి చోటు లేదు. పైగా మొన్న వినుకొండ పక్కన మా ఊళ్లో జరిగిన మూడు జిల్లాల యువ క్రీడోత్సవానికి నేను అధికారిక టైమ్‌కీపర్ని. మెళ్లో స్టాప్‌వాచీ వేలాడేసుకుని చూసినవాణ్ణి చెబుతున్నాను, వినండి.

ఈ క్రీడోత్సవంలో ఒక్కొక్కళ్లకి ఒక్కో ఆట కాదు. ఒకే పిల్ల నాలుగూ ఆడాలి. ఈత, తుపాకీ గురి, గుర్రపు స్వారీ, పరుగు. నాలుగింటి మార్కులూ కలిపి, మొదట వచ్చినవాళ్లకి స్పోర్ట్స్ హాస్టల్లో సీటు. ఒక్క ఆట మానేసినా ఇంటికే.

"మన పిల్లలకి గుర్రాలెందుకండీ, ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరినట్టు?" అని ఊళ్లో కొందరు సణిగారు. వాళ్ల దృష్టి ఎంతసేపూ ఉట్టి మీదే. ఉట్టి దాకా ఎగిరినవాడికి దొరికేది పెరుగు కుండ. స్వర్గానికి గురిపెట్టినవాడికి కనీసం శామియానా, మైకు, ముఖ్య అతిథి దొరుకుతారు.

కన్వీనర్ సంజీవరావు గారు నా పక్షమే. చాలా పద్ధతైన మనిషి. చంకలో రూల్‌బుక్కు లేనిదే టీ కూడా తాగరు. "నాలుగు ఆటలూ జరగాలని ఇందులో ఉందండీ. ఎలా జరగాలో లేదు," అన్నారు. అంతకన్నా స్వేచ్ఛ ఎవరిస్తారు?

మొదటిది ఈత. మా ఊరికి స్విమ్మింగ్ పూల్ లేదు, సాగర్ కాలువ ఉంది. కాలువలో నీళ్లు వంతుల ప్రకారం వస్తాయి. ఆ రోజు వంతు మాది కాదు. చీలమండ తడిసేన్ని నీళ్లున్నాయి, అందులో ఒక గేదె పడుకుని ఉంది.

సంజీవరావు గారు కంగారు పడలేదు. తొమ్మిది మంది పిల్లల్నీ గట్టు మీద వరసగా కూర్చోబెట్టి నోటి పరీక్ష పెట్టారు.

"ఈదేటప్పుడు ఊపిరి ఎప్పుడు పీల్చాలి?"

"తల నీళ్లలోంచి బయటికొచ్చినప్పుడండీ."

"వెరీ గుడ్. పదికి పది."

ఒక్కరూ మునగలేదు. ఒక్కరికీ జలుబు చెయ్యలేదు. ఇంత క్షేమంగా ముగిసిన ఈత పోటీ ఈ భూమ్మీద ఇంకెక్కడైనా ఉందా?

రెండోది గురి. తిరునాళ్లలో బుడగలు కొట్టించే జాన్ బాషా తన తుపాకీ తెచ్చాడు. దాని గొట్టం కాస్త ఎడమకి తిరిగి ఉంటుంది. కాబట్టి గురి కుదిరినవాళ్లకి బుడగ తగల్లేదు, కుదరనివాళ్లకి తగిలింది. శ్రీరమ్య అనే అమ్మాయి రెండు కళ్లూ మూసుకుని కాల్చి మూడు బుడగలు పగలగొట్టింది. తెలివైనవాళ్లకీ తెలియనివాళ్లకీ తేడా చూపని ఆట ఇది. ప్రజాస్వామ్యమంటే ఇంకేంటండీ!

ఇక అసలు సంగతి. గుర్రం.

ఎవరు ఏ గుర్రం ఎక్కాలో చీటీలు తీసి తేల్చాలని రూల్‌బుక్కులో ఉంది. మాకు చుట్టుపక్కల ఉన్నది ఒకటే గుర్రం. అయినా రూలు రూలే. సంజీవరావు గారు తొమ్మిది చీటీలు రాయించారు. తొమ్మిదింటి మీదా "చాందినీ" అని రాయించారు. మడతపెట్టి, స్టీలు బిందెలో వేసి, కుదిపి, పిల్లల చేత కళ్లు మూయించి తీయించారు. ఒక్కో చీటీ విప్పి మైకులో చదువుతుంటే ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది. తొమ్మిదో చీటీకి కూడా ఉత్కంఠ తగ్గలేదు.

చాందినీ మా నాగూర్ వలి పెళ్లిగుర్రం. తెల్లటి ఆడగుర్రం, పద్నాలుగేళ్ల సర్వీసు. ఈ చుట్టుపక్కల పెళ్లికొడుకు ఎవరైనా సరే, దాని వీపు మీద కూర్చోకుండా మంటపం చేరలేదు. నాగూర్ వలి ఇల్లు మా ఊరికి సరిగ్గా నాలుగు కిలోమీటర్లు, పత్తి చేల మధ్య రోడ్డు పక్కనే ఉంటుంది. ఆయన గుర్రాన్ని ఊరికే ఎందుకిచ్చాడంటే, పోటీలో ఉన్న తొమ్మిది మందిలో ఒకతి ఆయన కూతురు నగ్మా. తొమ్మిదో తరగతి.

నగ్మా గురించి ఒక లోపం చెప్పాలి. ఆ పిల్లకి పరుగు పిచ్చి. పొద్దున్నే లేచి పత్తి చేల గట్ల మీద పరిగెడుతుంది. గట్టు ఎంత వెడల్పు? మూరెడు! తిన్నగా వంద అడుగులు పోయేసరికి మలుపు, లేదంటే బోరు మోటారు. రోడ్డెక్కుతానంటే వాళ్ల నాన్న ఒప్పుకోడు. పత్తి లారీలు, మిర్చి ట్రాక్టర్లు ఎవర్నీ చూసుకోవు. అందుకని ఆ పిల్లకి హాస్టల్ సీటు కావాలి. అక్కడ పరిగెత్తడానికి ట్రాక్ ఉంటుందట. ఆ ఒక్కదాని కోసం గేదె ముందు కూర్చుని ఈత ప్రశ్నలకి జవాబులు చెప్పింది, వంకర తుపాకీతో గురి చూసింది.

"మీ ఊళ్లో ట్రాక్ లేదా?" అంటారా? ఎందుకు లేదు! గ్రౌండు చుట్టూ నాలుగొందల మీటర్లు, సున్నం గీతలతో సహా ఉంది. కాకపోతే ఇది మాఘం పోయి ఫాల్గుణం వచ్చిన కాలం. ట్రాక్ నిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. చదునైన నేల, కాపలాకి ప్రహరీ గోడ, రోజంతా ఎండ. కాయకి ఇంతకన్నా ఏం కావాలి? ఎవరు పోశారని అడక్కండి, ఊరంతా పోసింది. రెండో వంపులో ఉన్నవి ఎవరివో నాకు తెలుసు. అది ఇప్పుడు అప్రస్తుతం.

గ్రౌండు మధ్యలో ఖాళీ ఉంది. అక్కడే స్వారీ. నూట ఇరవై మీటర్లు పోయి, జెండా చుట్టూ తిరిగి, నూట ఇరవై మీటర్లు వెనక్కి రావాలి. ఎవరు తక్కువ టైములో వస్తే వాళ్లు ఫస్టు.

చిక్కేంటంటే, బ్యాండు లేనిదే చాందినీ కాలు కదపదు. పద్నాలుగేళ్లుగా మేళంతోనే నడిచింది పాపం. "బ్యాండు వద్దని రూల్‌బుక్కులో లేదు," అన్నారు సంజీవరావు గారు. బ్యాండు వచ్చింది. చాందినీకి రోజూలాగే ముఖమల్ గుడ్డ, పూసల కిరీటం, కాళ్లకి గజ్జెలు కూడా కట్టారు. కట్టకపోతే అది పనిలోకి వచ్చినట్టు ఒప్పుకోదు.

మొదట పొన్నూరు నుంచి వచ్చిన శివరామకృష్ణ ఎక్కాడు. హెల్మెట్టు, మోకాళ్ల దాకా బూట్లు. ఎండాకాలం సెలవుల్లో సిటీలో స్వారీ నేర్చుకున్నాడట. నేను స్టాప్‌వాచీ నొక్కాను. బ్యాండు మొదలైంది.

చాందినీ రెండడుగులు వేసి ఆగింది. ముందు కాళ్లు ఎత్తి ఆడింది. మళ్లీ రెండడుగులు, మళ్లీ ఆట. గుర్రం, బ్యాండు కనబడ్డాక మా ఊరి కుర్రాళ్లు ఊరుకుంటారా? ముందుకి ఉరికి డాన్సులు మొదలుపెట్టారు. బుల్లయ్య తాత పరిగెత్తుకొచ్చి, అలవాటు కొద్దీ గుర్రం కాళ్ల ముందు కొబ్బరికాయ కొట్టాడు. శివరామకృష్ణ కళ్లెం లాగాడు, మడమలతో పొడిచాడు, ఇంగ్లీషులో ఆజ్ఞలిచ్చాడు. పెళ్లికొడుకు మాట గుర్రం ఎప్పుడైనా విన్నదా?

అంతలో దానికి శామియానా కనిపించింది. శామియానా ముందు ముఖ్య అతిథికి స్వాగతం చెప్పడానికి హారతి పళ్లేలతో నిలబడ్డ ఆడవాళ్లు కనిపించారు. ఇంకేముంది, అది ఎదురుకోలు! జెండా సంగతి వదిలేసి చాందినీ తిన్నగా పోయి ముఖ్య అతిథి ఎదురుగా నిలబడింది. ఎక్కినవాడు దిగేదాకా అక్కడి నుంచి కదిలేది లేదు. ఊరేగింపు ముగిసే చోటు దానికి తెలుసు.

ఆ ఆడవాళ్లలో మొదట నిలబడ్డది మా ఆవిడ పిచ్చమ్మ. శివరామకృష్ణకి హారతిచ్చి, బొట్టుపెట్టి, గ్లాసుడు పానకం చేతికిచ్చింది. "అదేంటే?" అని నేను గుడ్లురిమాను.

"గుర్రం మీద వచ్చినోడికి ఇయ్యకుండా ఎట్టా ఉంటాం? చెయ్యి దానంతటదే లేచింది," అంది.

ముఖ్య అతిథి గారు కూడా తక్కువ తిన్లేదు. పళ్లెంలో అక్షింతలు తీసి కుర్రాడి హెల్మెట్టు మీద చల్లి, "శతమానం భవతి" అన్నారు.

పదకొండు నిమిషాల ఇరవై సెకన్లు. దూరం, వంద మీటర్లు. ఫలితం గడిలో సంజీవరావు గారు "వరుడు దిగెను" అని రాశారు.

మిగతా ఏడుగురికీ ఇదే వరస. తేజశ్రీ అనే అమ్మాయి ఎక్కినప్పుడు మాత్రం, పెళ్లికూతురు గుర్రమెక్కి రావడమేంటని పిచ్చమ్మ ఒక్క క్షణం తటపటాయించింది. కానీ హారతి ఇచ్చింది. రోజులు మారాయి కదా!

మధ్యాహ్నం మూడు దాటింది. గాలి తిరిగి, ట్రాక్ మీది మిరపకాయల ఘాటు శామియానాలోకి కొట్టింది. ముఖ్య అతిథి "యువత దేశానికి" అని తుమ్మి, "వెన్నె" దగ్గర మళ్లీ తుమ్మి, "ముక" అనకుండానే కూర్చున్నారు.

అప్పుడు తొమ్మిదో వంతు నగ్మాది.

ఆ పిల్ల వచ్చి చాందినీ మెడ నిమిరింది. బ్యాండు వాళ్లవైపు తిరిగి, "మామా, వాయించమాకండి," అంది. కిరీటం తీసేసింది. గజ్జెలు విప్పింది. ముఖమల్ గుడ్డ లాగి వాళ్ల నాన్న భుజాన వేసింది.

"ఏంటమ్మా ఇదంతా?" అన్నారు సంజీవరావు గారు.

"పెళ్లైపోయిందని దానికి తెలియాలి సార్."

చాందినీ చెవులు రెండూ నిక్కబొడుచుకున్నాయి. మేళం ఆగింది, బరువు దిగింది. పద్నాలుగేళ్లలో దాని అర్థం ఒకటే: ఇంటికి పోవచ్చు, ఇంటి దగ్గర ఉలవలున్నాయి! నగ్మా ఎక్కింది. నేను స్టాప్‌వాచీ నొక్కాను. నొక్కిన వేలు తీసేలోగా గుర్రం జెండా దాటిపోయింది.

జెండా చుట్టూ తిప్పాలని నగ్మా కళ్లెం పట్టుకుని వేలాడింది. చాందినీకి జెండాతో పనేంటి? ఎదురుగా గేటు బార్లా తెరిచి ఉంది.

"నగ్మా! కళ్లెం లాగమాకే! వదిలెయ్యి, ఇంటికాడ అదే ఆగుద్ది!" అని నాగూర్ వలి అరుస్తూనే ఉన్నాడు. తెల్లటి తోక గేటు బయట మాయమైంది.

నా చేతిలో వాచీ ఇంకా తిరుగుతోంది. టైమ్‌కీపర్ అన్నవాడు వాచీని మధ్యలో ఆపొచ్చా? స్కూటరెక్కి వెంటపడ్డాను.

నేను చేరేసరికి చాందినీ తొట్లో మూతి పెట్టి ఉలవలు నములుతోంది. నగ్మా గుంజకి ఆనుకుని నిలబడి చున్నీతో కళ్లు తుడుచుకుంటోంది.

"పోయింది బాబాయ్. రౌండు పూర్తి కాలేదు."

"ఛ, ఊరుకోమ్మా. పరుగు ఇంకా ఉందిగా, నాలుగింటికి."

"ఇప్పుడెంతైంది?"

"మూడూ ముప్పై అయిదు. బండెక్కు, దింపుతాను."

ఆ పిల్ల బండి ఎక్కలేదు. రోడ్డు వంక చూసింది. అటు చూసింది, ఇటు చూసింది. లారీ లేదు, ట్రాక్టర్ లేదు, కుక్క కూడా లేదు. ఉండటానికి ఎవరున్నారు? డ్రైవర్లతో సహా అందరూ గుర్రాన్ని చూడ్డానికి గ్రౌండులోనే ఉన్నారాయె!

"మీరు పక్కన రండి బాబాయ్, నేను పరిగెత్తొస్తా. ఇట్టాంటి రోడ్డు మళ్లీ ఎప్పుడు దొరుకుద్ది?"

నేను వాచీని సున్నాకి తెచ్చి నొక్కాను.

అబద్ధమెందుకు చెప్పాలి? ఆ పావుగంటసేపు నాకు వ్యంగ్యం గుర్తుకు రాలేదు. పాత కాన్వాస్ బూట్లతో ఆ పిల్ల నా స్కూటర్ పక్కన పరిగెడుతుంటే నేను రెండుసార్లు యాక్సిలేటర్ పెంచాల్సి వచ్చింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. గట్టు మలుపు లేదు, బోరు మోటారు లేదు. మొహంలో ఆయాసం కన్నా ఆనందమే ఎక్కువుంది. నేను ఇంతకాలం ఎంతమంది గెలుపుల గురించో రాశాను గానీ, పరిగెత్తడానికి చోటు దొరికిన మనిషి మొహం ఎలా ఉంటుందో అంత దగ్గర నుంచి ఎప్పుడూ చూడలేదు. నాకు గర్వంగా అనిపించింది, ఎందుకో కొంచెం సిగ్గుగా కూడా అనిపించింది.

కిలోమీటరు రాయి నుంచి రాయికి నాలుగు కిలోమీటర్లు. పద్నాలుగు నిమిషాల యాభై రెండు సెకన్లు.

గ్రౌండులోకి అడుగుపెట్టేసరికి సంజీవరావు గారు మైకులో ఫలితాలు చదువుతున్నారు. ముఖ్య అతిథి పదిహేడు తుమ్ముల తర్వాత కారెక్కి వెళ్లిపోయారట.

"ట్రాక్ మీద రైతు సోదరుల కాయలున్నందున, ఎత్తడానికి ఒక పూట పడుతుందని తెలిసినందున, పరుగు పోటీ జరిగినట్టుగా భావించి తొమ్మిది మందికీ సమానంగా పదికి పది ఇవ్వడమైనది!"

చప్పట్లు. నేనూ ఒక రైతు సోదరుణ్ణే కాబట్టి నాక్కూడా రెండు చప్పట్లు కొట్టాలనిపించింది. చేతులు రాలేదు.

"గుర్రపు స్వారీలో ప్రథమ స్థానం, నగ్మా! గుర్రం నిజంగా పరిగెత్తింది ఈమెకి ఒక్కదానికే. గుర్రం ఇంటికి పోరాదని రూల్‌బుక్కులో లేదు. మొత్తం మార్కుల్లోనూ ఈమే ప్రథమం. గుర్రపు స్వారీ విభాగంలో హాస్టల్ సీటుకి ఎంపిక చేయడమైనది!"

ఇంతలో ఆయనకి నగ్మా కనిపించింది. చెమటతో తడిసి ముద్దై, నడుం మీద చేతులు పెట్టుకుని రొప్పుతోంది. సంజీవరావు గారు మైకు పక్కన పెట్టి గబగబా వచ్చారు. ఆయన మనసు వెన్న.

"అయ్యో తల్లీ! గుర్రం అక్కడే ఉండిపోయిందా? ఇంత ఎండలో కాళ్లీడ్చుకుంటూ వచ్చావా? ఎవరైనా బండి మీద దింపేవాళ్లు కదమ్మా!"

నేను స్టాప్‌వాచీ ఆయన మొహం ముందు పెట్టాను. "నాలుగు కిలోమీటర్లు. పద్నాలుగు యాభై రెండు. పరుగు గడిలో రాయండి."

ఆయన వాచీ తిప్పి, వెనక అంటించిన చీటీ చూశారు. "ఇది స్వారీకి ఇచ్చిన వాచీ కదండీ. పరుగు గడిలో ఎలా రాస్తాను? పైగా అందరికీ పదికి పది వచ్చేశాయి. పదకొండు వెయ్యలేను కదా!"

గుడ్డిగుర్రానికి పళ్లు తోమడం అంటే ఏంటో ఆ క్షణంలో నాకు తెలిసింది.

నగ్మా మాత్రం ఆయన్ని ఒకటే అడిగింది. "సార్, హాస్టల్లో ట్రాక్ ఉంటదా?"

"ఎందుకుండదు తల్లీ! పెద్దది. గుర్రాలకి."

ఆ పిల్ల నా దగ్గరికొచ్చి మెల్లగా అంది. "బాబాయ్, అక్కడి గుర్రాలు కూడా ఇంటికి పారిపోతయ్యా?"



ఆ సాయంత్రం పార పట్టుకుని గ్రౌండుకి పోయి, ట్రాక్ రెండో వంపులో ఉన్న కాయలు ఎత్తడం మొదలుపెట్టాను. అవి నావే. మీరు ఎప్పుడో కనిపెట్టి ఉంటారు. పిచ్చమ్మ గోనెసంచి మూతి పట్టుకుని నా వంక చూసి అంది: "నీ ఒక్కడి కాయలు ఎత్తితే ఆ పిల్ల వంపులోనే పరిగెత్తాలా?"

మిగతా రైతు సోదరుల దగ్గరికి వెళ్లాను. అందరూ ఎంతో ఆదరంగా కూర్చోబెట్టి టీ ఇచ్చారు. అందరూ ఒకటే అడిగారు. "గుర్రాన్ని మళ్లీ ఎప్పుడు తెస్తారు?"

కాబట్టి పాఠకులారా, నా డిమాండుకి కారణం ఇప్పుడైనా తెలిసిందా? గుర్రప్పోటీ లేకపోతే చాందినీ పారిపోయేది కాదు. చాందినీ పారిపోకపోతే ఊరంతా గ్రౌండులో, రోడ్డంతా ఖాళీగా ఉన్న ఆ పావుగంట నగ్మాకి దొరికేదే కాదు. మాకు ట్రాక్ ఖాళీ చేయించమని నేను ఎవర్నీ అడగను. అది అత్యాశ. దానికన్నా గుర్రం తేలిక.

ఒక్క చిన్న సవరణ మాత్రం కోరుతున్నాను. వచ్చే ఏడాది ఏనుగు స్వారీ కూడా చేర్చండి. దాని ఇల్లు ఎక్కడో అడవిలో ఉంటుంది కదా. అది పారిపోతే తిరిగి రావడానికి మా నగ్మాకి కనీసం నలభై కిలోమీటర్ల రోడ్డు దొరుకుతుంది. టైమ్‌కీపర్ని నేనున్నాను. స్కూటర్లో పెట్రోలు పోయించి ఉంచుతాను.